వత్తుల మెషిన్ కొనమంటున్నారు, నమ్మొచ్చా?

ప్రశ్న: ఇంట్లో దీపపు వత్తులు చేసే మెషిన్ లక్షన్నరకు ఇస్తామని, దూది కూడా వాళ్లే పంపి వత్తులన్నీ తిరిగి కొంటామని ఒక కంపెనీ అంటోంది. చేరొచ్చా? – ఒక గృహిణి, వరంగల్

జవాబు: డబ్బు కట్టకండమ్మా, ఆగండి. ముందు నాలుగు ప్యాకెట్ల వత్తులు పట్టుకుని పూజా సామాన్ల హోల్‌సేల్ షాపులకు వెళ్లి, కిలో ఎంతకు కొంటారో అడగండి. కంపెనీ చెప్పిన రేటు అంతకంటే బాగా ఎక్కువైతే, ఆ డబ్బు వత్తుల అమ్మకం మీద వచ్చేది కాదు, కొత్తగా చేరినవాళ్లు కట్టే సొమ్ము. అందుకే మొదట్లో ఠంచనుగా ఇస్తారు. తర్వాత క్వాలిటీ బాగోలేదని సరుకు తిప్పికొడతారు, చివరికి ఆఫీసుకు తాళం పడుతుంది. జీఎస్టీ నంబరు చూసి ధీమా పడొద్దు. రిజిస్టరైందని తప్ప అది ఇంకేమీ చెప్పదు. అదే మెషిన్ బయట ఎంతో కూడా కనుక్కోండి.

మీకు చేయి తిరిగిన పచ్చళ్లో, పొడులో ఐదు కిలోలతో మొదలుపెట్టడం నయం. తినే సరుకు అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి, వాళ్ల ఫాస్కాస్ పోర్టల్లో దరఖాస్తు చేయండి. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, దానికి ఫీజు అడిగే సైటు ప్రభుత్వానిది కాదు.

ఇప్పటికే ఆన్‌లైన్లో అడ్వాన్సు పంపి, మోసమని తేలితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది.