కప్పు పాతదంటూ క్లెయిమ్ తగ్గించవచ్చా?

ప్రశ్న: ఈదురుగాలికి మా ఇంటి సిమెంటు రేకులు సగానికి పైగా లేచిపోయాయి. మిగిలినవి బీటలిచ్చాయి, ఇనుప ట్రస్సు (కప్పును మోసే చట్రం) వంగింది. ఇంటికి భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ ఉంది. నష్టం అంచనా వేసే బీమా సర్వేయర్ వచ్చి చూసి, కప్పు పాతదంటూ ఎగిరిపోయిన రేకుల ఖరీదే రాశారట. కంపెనీ డిశ్చార్జ్ వోచర్ (ఈ డబ్బుతో క్లెయిమ్ తీరిపోయిందని రాసిచ్చే కాగితం) పంపి, సంతకం పెడితే డబ్బు వేస్తామంటోంది. కప్పు మొత్తం మార్పించుకునే హక్కు నాకు లేదా?

జవాబు: ముందు చూడాల్సింది నష్టం దేనివల్ల జరిగిందన్నది. గాలివాన, తుపాను నష్టాలు మీ పాలసీ పరిధిలోవే. తుప్పు, అరుగుదల, ఏళ్లుగా ఇల్లు కురవడం లాంటివి రావు. రేకు పాతదే అయినా గాలికే లేచిపోయిందని తేలితే, 'పాతది' అన్న ఒక్క మాటతో కంపెనీ తప్పించుకోలేదు. అలాగని ఎప్పటినుంచో కురుస్తున్న మూలను కూడా గాలివాన ఖాతాలో వేయకండి. ఎస్టిమేట్ కాస్త పెంచి రాసిస్తానని మేస్త్రీ అన్నా వద్దనండి. అది బయటపడితే న్యాయంగా రావలసిందీ పోతుంది.

ఇక కప్పు మొత్తం సంగతి. బీమా జరిగిన నష్టాన్ని పూడుస్తుందే తప్ప ఇంటికి కొత్త సొగసులు అద్దదు. అందుకే 'సగం పోయింది, మొత్తం ఇవ్వండి' అంటే వినరు. అతుకులు వేస్తే కప్పు నిలవదని మీరు చూపించాలి. ట్రస్సు ఎంత వంగింది, మిగిలిన రేకుల బోల్టు రంధ్రాలు చీలాయా, వంగిన ట్రస్సు మీద కొత్త రేకు బిగిస్తే నీరు ఆగుతుందా? ఇవన్నీ ఒక సివిల్ ఇంజనీరు చేత, ఫొటోలతో సహా రాయించండి. ఇలాంటి కేసుల్లో ఏ సెక్షన్ కన్నా ఈ కాగితమే గట్టిదని నా అభిప్రాయం. విరిగిన ముక్కలు పారేయకండి. ఆ రోజు గాలి వివరాలు వాతావరణ శాఖను అడగండి. నష్టం పెరగకుండా చూడటం మీ బాధ్యత కనుక టార్పాలిన్ కప్పించండి. కప్పే ముందు ఫొటో తీసుకుని, బిల్లు దాచండి.

'రాశారట' అన్నారంటే సర్వేయర్ రిపోర్టు మీరింకా చదవలేదన్నమాట. కాపీ ఇమ్మని కంపెనీకి రాతపూర్వకంగా రాయండి. సర్వేయర్ మాటే తుది మాట కాదని న్యూ ఇండియా అష్యూరెన్స్ వర్సెస్ ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. ఇల్లు తక్కువ మొత్తానికి బీమా చేశారంటూ దామాషాలో కోత పెట్టినా ఒప్పుకోకండి. 2021 ఏప్రిల్‌లో వచ్చిన ఈ ప్రామాణిక పాలసీలో, మీరిచ్చిన వివరాలు సరైనవైతే, ఆ కోత ఉండదు.

వోచర్ మీద తొందరపడి సంతకం పెట్టకండి. సంతకం పెట్టినంత మాత్రాన హక్కు పోదని 1999లో అజ్మీర్ సింగ్ కాటన్ కేసులో సుప్రీంకోర్టు అన్న మాట నిజమే. కానీ మోసంతోనో, ఒత్తిడితోనో సంతకం పెట్టించారని నిరూపించే భారం మీ నెత్తినే పడుతుంది. 'అభ్యంతరం తెలుపుతూ, పాక్షిక చెల్లింపుగా మాత్రమే తీసుకుంటున్నాను' అని వోచర్ మీదే రాసి సంతకం పెట్టండి. అందుకు కంపెనీ ఒప్పుకోకపోతే సంతకం ఆపి, కారణం మెయిల్‌లో తెలపండి.

తర్వాత కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది మీకు సమ్మతం కాకపోయినా ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లవచ్చు. 50 లక్షల రూపాయల వరకు వింటారు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు (మా వృత్తికి నష్టమే అయినా చెప్పాలి కదా). అక్కడి అవార్డుకు, అంటే తీర్పుకు, కంపెనీ కట్టుబడాలి. మీకు నచ్చకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది. ముందే కమిషన్‌లో కేసు వేస్తే మాత్రం అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు. కమిషన్‌కు గడువు రెండేళ్లు. కంపెనీతో ఉత్తరాలు నడుస్తున్నాయి కదా అని ఆ గడువు ఆగదు.