తుపానుకు పంట పోతే ప్రభుత్వం ఇచ్చే డబ్బు రైతుకు నిజంగా అందుతుందా?

అందుతుందండీ. పట్టాదారు పాస్‌బుక్‌లో పేరున్న రైతుకు శుభ్రంగా అందుతుంది. మాది బాపట్ల దగ్గర పల్లె. మా నాన్న నాలుగెకరాలు కౌలుకు చేస్తాడు, సొంత సెంటు లేదు. అందుకే ఈ ప్రశ్న చూడగానే చెయ్యి ఊరుకోలేదు.

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పటికి రెండెకరాల వరి కోసి పనలు (కోసిన వరి గుత్తులు) చేలోనే ఉన్నాయి, మిగతా రెండెకరాలు కోతకు సిద్ధం. వేసింది బీపీటీ 5204. ఆ పేరులో బీపీటీ అంటే మా బాపట్లే, ఇక్కడి పరిశోధన కేంద్రంలో పుట్టిన వంగడం. అన్నం బాగుంటుంది, గాలొస్తే మాత్రం పడుకుంటుంది. నేను హైదరాబాద్ నుంచి వెళ్లేసరికి మూడో రోజు. మోకాలు లోతు నీళ్లలో నాన్న ఒక పన ఎత్తి చూపించాడు. కింద వైపు తెల్లగా మొలకలు, వేళ్లు ఒకదానికొకటి అల్లుకుని నారు చాపలా లేచింది. ఏం మాట్లాడలేదు, మళ్లీ అక్కడే పెట్టేశాడు, జాగ్రత్తగా. అంత జాగ్రత్త దేనికో నాకు అర్థం కాలేదు.

ఈలోగా టీవీ వాళ్లొచ్చి అదే పనని మళ్లీ ఎత్తమన్నారు, వెలుతురు వైపు తిరగమన్నారు. మురుగు కాలువలో పూడిక తీసి ఎన్నేళ్లయిందో మాత్రం ఒక్కరూ అడగలేదు. వాన ఆగాక కూడా నీళ్లు నాలుగు రోజులు కదలకపోతే అది తుపాను తప్పా?

సరే, పరిహారం సంగతి. అప్పటి లెక్క ప్రకారం 33 శాతానికి పైగా పంట పోవాలి, నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు 17,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. నష్టం రాసుకోవడానికి వచ్చిన కుర్రాడు మంచివాడే, ఫొటోలు తీశాడు. కానీ ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-క్రాప్‌లో ఆసామి పేరుంది, అంటే పొలం యజమానిది. కౌలు రైతుకిచ్చే సాగుదారు హక్కు పత్రం ఉంటే నాన్న పేరు ఎక్కేది. దానికి ఆసామి సంతకం కావాలి. పదకొండు నెలల కాగితం అది, పొలం మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది. అయినా మా ఊళ్లో సంతకం పెట్టే ఆసామిని నేను చూడలేదు. మా ఆసామి హైదరాబాద్‌లో ఉంటారు. వినాయక చవితికి వచ్చినప్పుడు ఈ-క్రాప్‌కు వేలిముద్ర వేసి, పులిహోర తిని వెళ్లారు.

మరుసటి వేసవిలో ఆయనే ఫోన్ చేశారు. "ఏమోయ్, నా అకౌంట్‌లో 27 వేల చిల్లర పడ్డాయి, ఇవేం డబ్బులు?" అని. నాన్న అంతా చెప్పాడు. "అలాగా పాపం" అన్నారు. తేమ 17 శాతం దాటిందని కొనుగోలు కేంద్రంలో వెనక్కి పంపితే, ఆ ధాన్యం దళారి చెప్పిన రేటుకు ఇచ్చేశామని కూడా చెప్పాడు. దానికీ "పాపం" అన్నారు.

మా కౌలు ఎకరాకు 18 బస్తాలు. ఆ ఏడాది మొత్తం మీద నాలుగు బస్తాలు తగ్గించారు. అప్పుడు సాధారణ రకం ధాన్యానికి బస్తా మద్దతు ధర 1,637 రూపాయలు, లెక్క మీరే వేసుకోండి. మా నాన్న మాత్రం ఆయన్ని దేవుడంటాడు. ఈసారైనా ఆ హక్కు పత్రం మీద సంతకం అడగమని నేనంటే, ఫోన్ అమ్మకిచ్చేస్తాడు.