హోఖ్‌షూలే అంటే హైస్కూల్ కాదండీ

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మెకానికల్ పూర్తిచేశాడు. సీజీపీఏ 7.4. రెండు సబ్జెక్టులు సప్లిమెంటరీలో పాసయ్యాడు. జర్మనీలో బవేరియా రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణంలో, ‘యూనివర్సిటీ ఆఫ్ అప్లైడ్ సైన్సెస్’లో మెకట్రానిక్స్ మాస్టర్స్‌కు సీటు వచ్చింది. మూడు సెమిస్టర్ల కోర్సు, ట్యూషన్ ఫీజు లేదు. అక్కడి భాషలో దాని పేరులో ‘హోఖ్‌షూలే’ అని ఉంది. మా బావమరిది ఫోనులో వెతికి ఆ మాటకు హైస్కూల్ అని అర్థం వస్తోందన్నాడు. అది మన పాలిటెక్నిక్ లాంటిదని, ఉచితంగా ఇచ్చే చదువుకు విలువ ఉండదని అతని అభిప్రాయం. కన్సల్టెన్సీ వారు బెర్లిన్‌లోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో చేర్పిస్తామంటున్నారు, ఫీజు 12 లక్షలు. అందులో చేర్చమంటారా, లేక ఏడాది ఆగి టెక్నికల్ యూనివర్సిటీకి ప్రయత్నించమంటారా? అన్నీ పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బావమరిది ఏమన్నాడో ఉంది, కన్సల్టెన్సీ వారు ఏమన్నారో ఉంది. వెళ్ళి చదవవలసిన అబ్బాయి ఏమన్నాడో ఒక్క ముక్క లేదు.

ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. ఊరు మారుతుంది, బంధువు మారతాడు. ఒకసారి పెదనాన్న, మరోసారి డల్లాస్‌లో ఉన్న అల్లుడు. మాట మాత్రం అదే: ‘అది అసలు యూనివర్సిటీయేనా?’

ముందు బావమరిదిగారి సంగతి చూద్దాం. హోఖ్ అంటే ఉన్నత, షూలే అంటే బడి. విడగొట్టి చూస్తే హైస్కూలే అవుతుంది. కానీ జర్మన్‌లో అది ఉన్నత విద్యాసంస్థలన్నిటికీ కలిపి వాడే మాట. కన్సల్టెన్సీల గోడల మీద పెద్ద బొమ్మలు వేసే ఆహెన్ నగరంలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ యూనివర్సిటీ ఉందే, ఆ పేరులో చివరి రెండు అక్షరాలు ‘టెక్నిషే హోఖ్‌షూలే’కు పొట్టి రూపం. స్విట్జర్లాండ్‌లో జూరిక్‌లోని ఈటీహెచ్ యూనివర్సిటీ కూడా అంతే. ఐన్‌స్టీన్ అక్కడ చదివిన రోజుల్లో దాన్ని పాలిటెక్నిక్ అనే పిలిచేవారు. బావమరిదిగారికి ఈ రెండు ముక్కలూ చెప్పండి.

అయితే ఆయన మాటలో కొంత నిజముంది, అదీ ఒప్పుకోవాలి. 1968లో అప్పటి పశ్చిమ జర్మనీ రాష్ట్రాలు ఒక ఒప్పందం చేసుకుని, ఇంజనీరింగ్ స్కూళ్ళ వంటి వాటిని ఫాఖ్‌హోఖ్‌షూలేలుగా పైమెట్టుకు తెచ్చాయి. మీరు రాసిన ‘యూనివర్సిటీ ఆఫ్ అప్లైడ్ సైన్సెస్’ అన్నది వాటి ఇంగ్లిష్ పేరే. చాలాకాలం వాటి డిప్లొమా పక్కన బ్రాకెట్లో ఆ పేరు పొట్టి రూపం ‘ఎఫ్‌హెచ్’ అని వేసేవారు, అంటే చూడగానే వేరని తెలిసేది. ఐరోపా దేశాల డిగ్రీలను ఒకే తీరుకు తెచ్చిన 1999 నాటి బొలోన్యా సంస్కరణలతో బ్యాచిలర్స్, మాస్టర్స్ పద్ధతి వచ్చాక ఆ బ్రాకెట్ పోయింది. ఇప్పుడు వీటి మాస్టర్స్‌కూ టెక్నికల్ యూనివర్సిటీ మాస్టర్స్‌కూ చట్టం దృష్టిలో తేడా లేదు.

తేడా ఉన్నది చదువు చెప్పే తీరులో. అప్లైడ్ సైన్సెస్ సంస్థలో ప్రొఫెసర్ కావాలంటే సాధారణంగా డాక్టరేటుతో పాటు అయిదేళ్ళ ఉద్యోగానుభవం, అందులో కనీసం మూడేళ్ళు విశ్వవిద్యాలయం బయట పనిచేసి ఉండాలి. బీటెక్‌లో తనకు పాఠాలు చెప్పినవారిలో ఫ్యాక్టరీ గడప తొక్కినవారు ఎందరో మీ అబ్బాయినే అడగండి. మాస్టర్స్ థీసిస్‌ను కంపెనీలో కూర్చుని చేయడం అక్కడ మామూలు విషయం. అబ్బాయికి పరిశోధన మీద, సిద్ధాంతం మీద మక్కువ ఉంటే టెక్నికల్ యూనివర్సిటీయే మేలు, ఎందుకంటే పీహెచ్‌డీ దారి అక్కడ నేరుగా ఉంటుంది. అప్లైడ్ సైన్సెస్ సంస్థలకు సొంతంగా డాక్టరేట్ ఇచ్చే హక్కు 2016లో హెస్సెన్ రాష్ట్రంలో మొదలైంది, ఇంకా అన్నిచోట్లా లేదు. ఉద్యోగమే లక్ష్యమైతే చేతికొచ్చిన సీటు మంచిది. పోలిక ఇంతే. పెద్ద పట్టిక ఆశించి ఉంటే మన్నించండి.

ఉచితం మాటకు వస్తాను. మనకు ఇంటర్ నుంచే లక్షలు కట్టి చదివించడం అలవాటైపోయి, ఫీజు లేదంటే అనుమానం వస్తోంది. అక్కడ ఖర్చు ప్రభుత్వం పన్నుల్లోంచి పెట్టుకుంటుంది. మీరు ఏడాది ఆగైనా సరే అనుకుంటున్న టెక్నికల్ యూనివర్సిటీల్లో అగ్రగామి అయిన మ్యూనిక్ సంస్థ కూడా 2024 వరకు మన పిల్లల దగ్గర ట్యూషన్ ఫీజు తీసుకోలేదు. దాని విలువ అప్పుడు తక్కువా?

ఇక ఆ బెర్లిన్ సీటు. జర్మనీలో ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు సంస్థల్లో చాలా వరకు చట్టం లెక్కలో ఫాఖ్‌హోఖ్‌షూలేల కోవలోవే. మీరు వద్దనుకుంటున్న తరగతి సీటునే 12 లక్షలు పోసి కొనబోతున్నారేమో చూసుకోండి. ఒక్క మాట కటువుగా అంటాను, ఏమీ అనుకోవద్దు. మీ అబ్బాయి సొంత మార్కులతో తెచ్చుకున్న సీటును, పెళ్ళిళ్ళలో చెప్పుకోవడానికి పేరు బాగాలేదని పక్కన పెడుతున్నారు. అప్పు తీర్చవలసిన రోజు వస్తే బావమరిది ఒక్క వాయిదా కూడా కట్టడు.

ఇంతవరకూ నేను ఆ సీటు తరఫున మాట్లాడాను కాబట్టి జర్మనీ అంటే నాకు మోజు అనుకోకండి. ఈ మధ్య ప్రతి వీధిలో జర్మనీ బోర్డే కనిపిస్తోంది. 2023-24 శీతాకాల సెమిస్టర్ నాటికే అక్కడ 49 వేల మందికి పైగా భారతీయ విద్యార్థులున్నారు. విదేశీయుల్లో మనవాళ్ళదే పెద్ద గుంపు. గుంపు పెరిగితే నాకు గుబులు మొదలవుతుంది.

మొదటి గుబులు ఆ రెండు సప్లిమెంటరీల గురించి. మన దగ్గర తప్పిన సబ్జెక్టును మళ్ళీ మళ్ళీ రాసుకోవచ్చు. అక్కడ సాధారణంగా మూడు అవకాశాలే. మూడోసారీ తప్పితే పేరు కొట్టేస్తారు, ఆ తర్వాత దేశంలో మరోచోట అదే కోర్సులో చేరడం కూడా కుదరదు. నేను పంపినవారిలో ఒక అమ్మాయి, చాలా తెలివైనది, కంట్రోల్ సిస్టమ్స్‌లో రెండుసార్లు తప్పింది. మూడో పరీక్ష ముందు రాత్రి మూడింటికి నాకు ఫోన్ చేసింది. పాసైంది, కానీ ఆ వారం ఆమె తిన్నది లేదు, పడుకున్నది లేదు. ఈ నిబంధన ఏ కన్సల్టెన్సీ కాగితంలోనూ నాకు కనిపించలేదు. ఒంట్లో బాగాలేని రోజు పరీక్ష రాసి తప్పేకంటే, నిబంధన ప్రకారం డాక్టర్ సర్టిఫికెట్ ఇచ్చి తప్పుకోవడం మంచిదని అబ్బాయికి ఇప్పుడే చెప్పండి.

రెండోది భాష. కోర్సు ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, అక్కడే వస్తుంది చిక్కు. క్రితం ఏడాది ఒక కుర్రాడు వీడియో కాల్‌లో తను ఉంటున్న ఇంటి వంటగది చూపించాడు. పొయ్యి మీద పప్పుచారు మరుగుతోంది. ఫ్రిజ్ తలుపు మీద గిన్నెలు తోమే వంతుల పట్టిక తెలుగులో రాసి అంటించారు. ముచ్చటేసింది, వెంటనే భయమూ వేసింది. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో ఎవరికీ జర్మన్ నోటివెంట రావలసిన అవసరమే పడలేదు. చిన్న పట్టణంలో ఉద్యోగాలిచ్చేవి ఎక్కువగా చిన్నా మధ్యతరహా కంపెనీలు, ఇంటర్వ్యూ వారి భాషలోనే ఉంటుంది. విమానం ఎక్కేలోగా జర్మన్‌లో బీ1 (రోజువారీ మాటలకు సరిపడే మధ్యస్థాయి), డిగ్రీ చేతికొచ్చేలోగా దానిపై మెట్టు బీ2 రావాలి. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథే జెంట్రుమ్ ఉంది. వీసా వచ్చాక చూద్దామనుకుంటే ఆలస్యమైపోతుంది.

మూడోది కార్ల పరిశ్రమ. మెకానికల్ పిల్లలందరి కళ్ళూ దాని మీదే. ఫోక్స్‌వ్యాగన్ 2024 డిసెంబరులో కార్మిక సంఘంతో చేసుకున్న ఒప్పందం ప్రకారం 2030 నాటికి జర్మనీలో 35 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గించుకుంటోంది. మెకట్రానిక్స్ కాబట్టి ప్యాకింగ్ యంత్రాలు, వైద్య పరికరాలు, ఫ్యాక్టరీ ఆటోమేషన్ వైపు కూడా చూడమనండి. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఉండనిస్తారు. భాష వచ్చినవారికి అది చాలినంత సమయమే.

డబ్బు గురించి రెండు మాటలు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంతేనని తీసుకోనిచ్చే ఖాతాలో) చూపించవలసిన 11,904 యూరోలు ఫీజు కాదు, అబ్బాయి తిండికీ అద్దెకూ నెలకు 992 చొప్పున తిరిగి వచ్చే సొమ్మే. చదువుకుంటూ ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయవచ్చు. ఆ సంపాదనతో అప్పు తీర్చేద్దామని మాత్రం లెక్కలు వేయకండి. మూడే అవకాశాలున్న పరీక్షల ముందు అబ్బాయి గోదాములో పెట్టెలు మోయకూడదు.

సీటు తీసుకోమనండి. ఏడాది ఆగనక్కరలేదు. బెర్లిన్ మాట మరిచిపోండి. ఇంకో ఉత్తరం రాయవలసి వస్తే ఈసారి అబ్బాయినే రాయమనండి. ఆ మూడు సెమిస్టర్ల సబ్జెక్టుల జాబితా జతచేసి, అందులో ఏది చూస్తే భయమేస్తోందో గుర్తుపెట్టి పంపమనండి. పంపేముందు మీరు చదవకండి.