షాపులో మెరిసింది, ఇంట్లో వెలవెలబోయింది

ప్రశ్న: మేం చెన్నై వేలచ్చేరిలో రెండు బెడ్‌రూముల అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. నుంగంబాక్కం, రాయపేట వైపు బొటిక్ షాపులకి వెళ్లినప్పుడల్లా అక్కడి అలంకరణ చూసి మనసు అక్కడే ఉండిపోతుంది. ఈమధ్య ఒక షాపులో కలంకారీ కుషన్ కవర్లు, రెండు మట్టిరంగు సిరామిక్ కూజాలు కొన్నాను. ఇంటికి తెచ్చి పెడితే ఆ కళే లేదు. మా ఆయన "అవి షాపులోనే బాగుంటాయి, డబ్బులు దండగ" అంటున్నారు. ఓనరు గోడకి మేకు కూడా కొట్టనివ్వరు. ఆ అందం మా ఇంట్లోకి వచ్చే దారి ఏమైనా ఉందా?
— ఓ పాఠకురాలు, వేలచ్చేరి

జవాబు: ఉందండి. ముందు ఆ కవర్లని బీరువాలో పెట్టేయకండి, వాటిలో లోపమేమీ లేదు. షాపులో మీకు అంత నచ్చడానికి చాలా వరకు కారణం అక్కడి లైటింగు, అదొక్కటే మీతో ఇంటికి రాలేదు.

మీ హాల్లో ఉన్నది తెల్లటి ట్యూబ్‌లైటే అయ్యుంటుంది, మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది అదే. దాని డబ్బా మీద 6500కె అని ఉంటుంది (కె అంటే కెల్విన్, వెలుగు రంగుకి కొలత), అంటే కొంచెం నీలం కలిసిన తెలుపు. బొటిక్‌లలో సాధారణంగా 2700 నుంచి 3000కె మధ్య ఉన్న పసుపు ఛాయ బల్బులు వాడతారు. కలంకారీలో ఎక్కువగా ఉండేవి కరక్కాయ పసుపు, ఇటుక ఎరుపు లాంటి వెచ్చటి రంగులు కదా, నీలపు వెలుగు కింద అవి పాలిపోయినట్టు కనిపిస్తాయి. బల్బు కొనేటప్పుడు ఇంకో అంకె కూడా చూడండి, సీఆర్ఐ అని రాస్తారు. రంగుల్ని ఆ బల్బు ఎంత నిజంగా చూపిస్తుందో 100కి ఇచ్చే లెక్క అది. మామూలు ఎల్ఈడీలకి 80 దగ్గర ఉంటుంది, 90 దాటినవి ఉన్నాయా అని అడిగి తీసుకోండి, కాస్త ధర ఎక్కువైనా పరవాలేదు.

అయితే బల్బు మార్చి సీలింగ్ మధ్యలోనే పెట్టేస్తే సగం పనే అవుతుంది. ఈసారి షాపుకి వెళ్లినప్పుడు వస్తువుల్ని కాసేపు వదిలేసి తల పైకెత్తి చూడండి, ప్రతి దీపమూ ఏదో ఒక వస్తువు మీదికి తిరిగి ఉంటుంది, మిగతా చోటంతా కొంచెం మసకగా వదిలేస్తారు, ఆ మసక వల్లే కూజా అంత అందంగా పైకి తేలి కనిపిస్తుంది. మన ఇంట్లో ట్యూబ్‌లైట్ గోడనీ, కూజానీ, చెప్పుల స్టాండునీ ఒకేలా చూపిస్తుంది. మీకు మేకులతో పని లేదు: సోఫా పక్కన నేల మీద నిలబడే ల్యాంప్ ఒకటి, కూజాల దగ్గర చిన్న టేబుల్ ల్యాంప్ ఒకటి చాలు. పిల్లలు చదువుకునేటప్పుడు, బియ్యం ఏరేటప్పుడు ట్యూబ్‌లైట్ వేసుకోండి. సాయంత్రం అది ఆపేసి ఈ రెండే వెలిగించి, మీ ఆయన్ని పిలిచి చూపించండి. అసలు ఇంకేం కొనకముందే ఈ ఒక్క పని చేయమంటాను.

రెండోది, ఖాళీ. షాపులో ఒక అర ముందు నిలబడి ఎన్ని వస్తువులు పెట్టారో, మధ్యలో ఎంత చోటు వదిలారో లెక్కపెట్టండి. చాలాసార్లు ఒకే రంగు కుటుంబంలోవి, ఎత్తులో తేడా ఉన్నవి మూడో నాలుగో ఉంటాయి, అంతే. మీ కూజాల పక్కన రిమోట్, మందుల స్ట్రిప్పులు, కరెంటు బిల్లు ఉంటే ఎంత ఖరీదు పెట్టి కొన్నా అవి కనపడవు. ఇల్లంతా సర్దేయాలని టెన్షన్ పడొద్దు, ఒక్క బల్ల మీద మాత్రం ఇంకేమీ పెట్టకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి. సోఫా గుడ్డ పువ్వుల డిజైన్‌ది అయితే కలంకారీతో పోట్లాడుతుంది, జార్జ్‌టౌన్ గోడౌన్ స్ట్రీట్‌లో మీగడ రంగు కాటన్ తీసుకుని సాదా కవర్ కుట్టించండి. కర్టెన్లు కిటికీ కిందే ఆగిపోకుండా నేల దాకా ఉంటే గది ఎత్తుగా అనిపిస్తుంది, ఉన్న రాడ్‌కే వేలాడదీయొచ్చు.

షాపులో చూసినవన్నీ మాత్రం ఇంటికి పనికిరావు. పాత భవనాల్లో షాపులు పెట్టినప్పుడు ఆ సీలింగ్ ఎత్తుకి తగ్గట్టే పెద్ద పెద్ద దీపాలు, నిలువెత్తు అద్దాలు పెడతారు. పది అడుగుల ఎత్తైనా ఉండని ఫ్లాట్‌లో అవి మీద పడుతున్నట్టుంటాయి. టేపు పట్టుకుని కొలవందే అలాంటివి కొనకండి. ఫొటో తీసుకోవాలంటే షాపువాళ్లని అడగండి, చాలామంది కాదనరు.

నా మాట విని ఒక ఆదివారం ఈసీఆర్ మీద ముట్టుకాడులో ఉన్న దక్షిణచిత్రకి వెళ్లండి, దక్షిణాది పాత ఇళ్లని చూపించే మ్యూజియం అది. 1996లో తెరిచారు, ఆర్కిటెక్ట్ లారీ బేకర్ డిజైన్ చేశారు. మన ఆంధ్ర ఇళ్లు కూడా ఉన్నాయి అక్కడ, విశాఖ వైపు చుట్టిల్లుతో సహా. అవి మనుషులు బతకడానికి కట్టుకున్న ఇళ్లు కాబట్టి ఎక్కడ కూర్చునేవారో, సామాను ఎక్కడ పెట్టేవారో అర్థమవుతుంది. నాకైతే ఏ బొటిక్ కన్నా అక్కడే ఎక్కువ ఆలోచనలు వస్తాయి.

అన్నట్టు, ఆ కవర్లు సహజ రంగులవైతే ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టకండి, వెలిసిపోతాయి.

ప్రశ్న: తిరువాన్మియూర్‌లో సొంతిల్లు కట్టుకుంటున్నాం. ఒక బట్టల బొటిక్‌లో నేలకి ఆత్తంగుడి టైల్స్ వేశారు, మా అమ్మాయి అవే కావాలంటోంది. వేయించమంటారా?
— ఓ పాఠకుడు, తిరువాన్మియూర్

జవాబు: హాల్లో, వరండాలో తప్పకుండా వేయించండి, చాలా మంచి ఎంపిక. శివగంగ జిల్లాలో కారైకుడి దగ్గరి ఊరు ఆత్తంగుడి. అక్కడ గాజు పలక మీద అచ్చు పెట్టి రంగు సిమెంటు చేత్తో పోస్తారు, బట్టీలో కాల్చరు, నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. ఆ గాజు నుంచే వాటికి నునుపు వస్తుంది, నడిచే కొద్దీ ఇంకా పెరుగుతుంది. కానీ అది సిమెంటు, పులుపు పడదు. చింతపండు రసం, నిమ్మరసం ఒలికితే మచ్చ పడుతుంది, అందుకే మన వంటింటికి వద్దు. యాసిడ్‌తో కడిగే బాత్రూముకి అసలే వద్దు. బట్టల షాపులో పులుసు ఒలకదు కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది మీకు కనిపించి ఉండదు. చేత్తో చేసేవి కాబట్టి ఒక విడతకీ ఇంకో విడతకీ రంగు కొంచెం మారుతుంది, అందుకని పగిలితే మార్చుకోవడానికి కొన్ని ఎక్కువే, అదీ ఒకేసారి ఆర్డర్ ఇవ్వండి.