చెవిలో హోరు పరిశోధనకు విరాళం: మీ సొమ్ము ఎక్కడికి వెళ్లాలి?

ఆరేళ్లుగా టిన్నిటస్‌తో, అంటే చెవిలో హోరుతో, బాధపడుతున్నానని, మందు కనిపెట్టే పరిశోధనకు కొంత ఇవ్వాలని ఉన్నా సొమ్ము దారి తప్పుతుందేమోనని భయంగా ఉందని రాశారు. రాత్రి ఫ్యాను ఆపగానే కుడి చెవిలో సన్నని ఈల మొదలయ్యే మనిషిని నేను. మీ ఆరాటం నాకు తెలుసు.

ముందుగా, హోరుకు పనిచేస్తుందంటూ ప్రకటనలో అమ్ముతున్నారని మీరు రాసిన చుక్కల మందు సంగతి. "లాభమంతా పరిశోధనకే" అనే ప్రకటనకు చిల్లిగవ్వ కూడా ఇవ్వకండి. హోరును పూర్తిగా మాన్పే మందు ఇంకా రాలేదు.

1971లో మొదలైన అమెరికన్ టిన్నిటస్ అసోసియేషన్, బ్రిటన్‌లోని టిన్నిటస్ యూకే పరిశోధకులకు చిన్న గ్రాంట్లు ఇస్తాయి. చిన్నవని తీసిపారేయకండి. తొలి ఫలితాలు చూపనిదే పెద్ద ప్రభుత్వ నిధులు రావడం కష్టం, ఆ తొలి ఫలితాలకు ఇవే ఆధారం.

నా ఓటు మాత్రం మౌలిక పరిశోధనకే, అంటే హోరు అసలు ఎందుకు పుడుతుందో వెతికే పనికే. 2009లో కుజావా, లిబర్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలపై ఒక సంగతి గమనించారు. పెద్ద శబ్దం తర్వాత వినికిడి మామూలైనా, లోపలి చెవి కణాలకూ నాడికీ మధ్య ఉండే సంధులు కొన్నిచోట్ల సగం దాకా శాశ్వతంగా పోయాయి. పరీక్షలో "చెవి బాగుంది" అని తేలినవారికీ హోరు ఎందుకుంటుందో వెతకడానికి దారి చూపింది అదే.

సొమ్ము పంపేటప్పుడు "పరిశోధనకు మాత్రమే" అని రాతపూర్వకంగా చెప్పండి. వార్షిక లెక్కలు చూడండి. గ్రాంట్ల కోసం వచ్చే దరఖాస్తులను బయటి శాస్త్రవేత్తలు పరిశీలిస్తారా అని తప్పక అడగండి. జవాబు దాటవేస్తే ఆ సంస్థను వదిలేయండి.