మడతలున్న పాత పోస్టరును ఏం చేయాలి?

ప్రశ్న: మేము అమెరికాలోని డాలస్‌లో ఉంటున్నాం. ఇక్కడ ఒక ఇంట్లో పాత సామాన్లు అమ్ముతుంటే, హిచ్‌కాక్ దర్శకత్వం వహించిన ‘రెబెకా’ సినిమా పోస్టరు కొన్నాను. మడతలు బాగా పడ్డాయి, మూలల్లో సన్నని రంధ్రాలున్నాయి. కింది అంచులో కుడివైపు ‘ఆర్’ అనే అక్షరం, దాని పక్కన అంకెలు ఉన్నాయి. ఇది అసలైనదేనా? మడతలు కనబడకుండా లామినేషన్ చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: లామినేషన్ మాత్రం దయచేసి చేయించకండి. వేడికి అంటుకుపోయిన ప్లాస్టిక్ పొరను కాగితం పాడవకుండా విడదీయడం దాదాపు అసాధ్యం. పైగా మీరు దాచాలనుకుంటున్న ఆ మడతలే మీ పోస్టరుకు సాక్ష్యం చెబుతున్నాయి. వన్‌షీట్ అని పిలిచే 27 × 41 అంగుళాల పోస్టరును అప్పట్లో అడ్డంగా మూడు, నిలువుగా ఒక మడత పెట్టి థియేటర్లకు పంపేవారు. చుట్టి పంపే పద్ధతి 1980లలో గానీ స్థిరపడలేదు. ఒక ఊళ్లో సినిమా మారగానే అదే పోస్టరు మరో ఊరి థియేటరుకు వెళ్లేది కాబట్టి, మూలల్లో గుండుసూది రంధ్రాలు ఉండటమూ సహజమే.

మడత మీద వేలితో మెల్లగా రాసి చూడండి. నిజమైన మడత అయితే విరిగిన కాగితం గరుకుగా తగులుతుంది. పాత పోస్టరును ఫొటో తీసి ముద్రించిన నకలులో మడత కంటికి కనిపిస్తుంది గాని వేలికి తగలదు. తర్వాత భూతద్దంతో నటీనటుల పేర్లున్న చిన్న అక్షరాలను పరిశీలించండి. పాత ముద్రణలో అవి నిండు సిరాతో, పదునైన అంచులతో ఉంటాయి. నకలులో చుక్కలు చుక్కలుగా చెదిరిపోతాయి. కొలత 24 × 36 అంగుళాలు ఉంటే అది గోడకు తగిలించుకోవడానికి తర్వాతి కాలంలో వేసినదని అనుకోవచ్చు.

ఇక ‘ఆర్’ సంగతి. పోస్టర్లు పంపిణీ చేసిన నేషనల్ స్క్రీన్ సర్వీస్ సంస్థ, మళ్లీ విడుదలైన సినిమాలకు ఆ అక్షరం వేసేది. దాని పక్కన ఉండే రెండంకెలు ఆ ఏడాదిని సూచిస్తాయి. అంటే పై పరీక్షల్లో నిలిస్తే మీది థియేటర్లకు వెళ్లిన అసలు పోస్టరే, కాకపోతే 1940 నాటి మొదటి విడుదలది కాదు. మరో ఆధారం కూడా ఉంది: ఈ సినిమాకు ఉత్తమ చిత్రంగా ఆస్కార్ 1941లో వచ్చింది కాబట్టి, ఆ విషయం ప్రకటించే పోస్టరు ఏదీ మొదటి విడుదల నాటిది కాజాలదు. ధర తక్కువైనా, మళ్లీ విడుదలైన పోస్టర్లను చిన్నచూపు చూడనక్కరలేదని నా అభిప్రాయం.

ఎందుకంటే ఈ సినిమాకు పోస్టరు వేయడమే ఒక పరీక్ష. పేరు కథానాయకుడి చనిపోయిన మొదటి భార్య రెబెకాది, కానీ ఆమె తెరమీద ఒక్కసారి కూడా కనిపించదు. కనిపించే నాయికకేమో సినిమా అంతటా పేరే లేదు. బొమ్మలో ఆ నాయికగా నటించిన జోన్ ఫాంటేన్‌ను, పక్కన పెద్ద అక్షరాల్లో పేరును చూసిన ప్రేక్షకుడు ఆమే రెబెకా అనుకుని హాల్లోకి వెళతాడు. ఆ పొరపాటు కథకు ఎంత మేలు చేస్తుందో సినిమా చూసినవారికి తెలుసు. ఇదే కథ ఆధారంగా 1964లో వహీదా రెహమాన్ నాయికగా వచ్చిన హిందీ చిత్రానికి ‘కోహ్‌రా’, అంటే పొగమంచు, అని పేరు పెట్టడంతో ఆ చిక్కూ లేదు, ఆ అందమూ లేదు. పెద్ద భవనంలో భయంతో బతికే యువతి గురించిన ఇలాంటి కథలకు గుర్తుగా మారిన బొమ్మ, అంటే చీకటి భవనం నుంచి పారిపోయే యువతి బొమ్మ, 1960లలో నవలల అట్టల మీద స్థిరపడింది. 1940లలో స్టూడియోలు ఇలాంటి చిత్రాలను ప్రధానంగా ప్రేమకథలుగానే అమ్ముకున్నాయి.

భద్రపరచడానికి, కాగితాలు బాగుచేసే నిపుణుల చేత లినెన్ బ్యాకింగ్ చేయించండి. పోస్టరు వెనుక పలుచని జపాన్ కాగితం, దాని వెనుక గుడ్డ, గోధుమపిండి జిగురుతో అతికిస్తారు. అవసరమైతే నీటితో తిరిగి తీసేయవచ్చు. మడతలు చాలావరకు సర్దుకుంటాయి. సెలోటేపు దగ్గరికి రానీయకండి. ఫ్రేములో ఆమ్లరహిత అట్ట, అతినీలలోహిత కిరణాలను ఆపే అక్రిలిక్ పలక వాడి, ఎండ పడని గోడకు తగిలించండి.