సర్క్యూట్ బోర్డు పిల్లల చేతికిచ్చే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

చెక్కపలకల మీద బల్బు హోల్డరు, స్విచ్, సెల్ హోల్డరు బిగించి విద్యుత్ ప్రయోగాలకు బోర్డులు సిద్ధం చేశావని తెలిసి సంతోషించాను. పిల్లలు వాటిని ముట్టుకునే ముందు నువ్వు ఆలోచించుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

రెండు డ్రై సెల్స్ కలిపితే వచ్చేది 3 వోల్టులే కనుక షాక్ కొడుతుందన్న భయం అక్కరలేదు. జాగ్రత్త పడవలసింది వేడి విషయంలో. బల్బు ఏదీ లేకుండా సెల్ రెండు కొనలను ఒకే తీగతో కలిపితే కరెంటును అడ్డుకునేది దాదాపు ఏమీ ఉండదు. టార్చి బల్బు వెలగడానికి 0.3 ఆంపియరు సరిపోతుంది గానీ, ఇలా షార్ట్ అయినప్పుడు కొత్త ఆల్కలైన్ సెల్ ఎన్నో ఆంపియర్లు పంపి, తీగను చెయ్యి కాలేంతగా వేడెక్కిస్తుంది. అందువల్ల సెల్‌ను అన్నిటికన్నా చివర పెట్టాలి, అన్నిటికన్నా ముందు తీయాలి. తీగలన్నీ బిగించాక, ధన ధ్రువం దగ్గర బయలుదేరి బల్బు మీదుగా ఋణ ధ్రువం దాకా కరెంటు నడిచే దారిని వేలితో చూపించగలిగిన జట్టుకే సెల్స్ ఇవ్వు. అంతవరకు అవి నీ దగ్గరే ఉండాలి. కాస్త ఆలస్యమైనా, పాఠంలో సగం ఆ వేలి ప్రయాణంలోనే పూర్తవుతుంది.

షార్ట్ సర్క్యూట్ అంటే ఏమిటో చూపించమని పిల్లలు తప్పక అడుగుతారు. సెల్ కొనలను కలిపి చూపించడం నాకు నచ్చదు. రెండు బల్బులను శ్రేణిలో, అంటే కరెంటు ఒకదాని తర్వాత ఒకటిగా రెండిటిలోంచీ వెళ్ళేలా కలిపి వెలిగించి, ఒక బల్బు రెండు కొనలకు మాత్రమే తీగను కాసేపు తాకించు. అది ఆరిపోతుంది, రెండోది మరింత కాంతిగా వెలుగుతుంది. కరెంటు తేలికైన దారి పట్టిందని పిల్లలకే అర్థమవుతుంది, సెల్‌కూ ముప్పు ఉండదు. కరెంటును కొలిచే అమ్మీటరును కూడా శ్రేణిలోనే కలపాలి. దాని నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, చాలా తక్కువ కాబట్టి నేరుగా సెల్ కొనలకు తగిలిస్తే అదీ షార్ట్ సర్క్యూటే.

ఎల్‌ఈడీని 9 వోల్టుల బ్యాటరీతో వాడాలనుకుంటే కరెంటును అదుపులో ఉంచే 470 ఓమ్‌ల రెసిస్టరు తప్పనిసరి. ఫోన్ల నుంచి, బొమ్మల నుంచి ఊడదీసిన లిథియం బ్యాటరీలను మాత్రం తరగతిలోకే రానివ్వకు. షార్ట్ అయితే అవి మంటలు లేపగలవు. బటన్ సెల్ కూడా వద్దు, ఎందుకంటే మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను తీవ్రంగా కాల్చివేయగలదు.

ఇంకొక సంగతి నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. బడిలో తీగలు పట్టుకున్నా ఏమీ కాలేదన్న ధైర్యంతో ఇంట్లో సాకెట్‌లో తీగ దూర్చే పిల్లవాడు ఉండవచ్చు. అక్కడి వోల్టేజి సెల్స్ ఇచ్చేదానికి ఎన్నో పదుల రెట్లు ఎక్కువ అనీ, అది ప్రాణం తీయగలదనీ మొదటి రోజే, బోర్డు ముట్టుకోకముందే చెప్పు. సెల్స్ ఖర్చు తగ్గుతుందని గోడ సాకెట్‌కు తగిలించే ఎడాప్టరును ఎవరైనా సూచించినా ఒప్పుకోకు.

సెల్ వేడెక్కిందనిపిస్తే తీగను ప్లాస్టిక్ తొడుగు ఉన్నచోట పట్టుకొని విడదీసి, చల్లారేదాకా ఎవరినీ తాకనివ్వకు. కారిన సెల్‌ను ఒట్టి చేత్తో పట్టవద్దు. పాతవీ కొత్తవీ కలిపి వాడవద్దు. పీరియడు ముగిశాక సెల్స్ లెక్కపెట్టుకొని, వాటి కొనలకు క్లిప్పులు, మేకులు తగలకుండా వేరే డబ్బాలో దాచు.